డోరీన్‌ని ఎవరూ తిప్పలేదు

1999 జూలై. మెల్‌బోర్న్ పడమటి వైపు ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో మధ్యాహ్నం షిఫ్టుకి నేనే ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. అప్పటికి పక్కనున్న పాయింట్ కుక్ పేటంతా ఇంకా ఖాళీ పొలాలే. అక్కడ జూలై అంటే చలికాలం కదా, ఐదున్నరకే చీకటి పడేది. ముప్ఫై ఇద్దరు ముసలివాళ్ళు, టీ ట్రాలీ చప్పుడు, టీవీలో ఫుటీ ఆట. గుంటూరులో నేర్చుకున్న పని, పదకొండేళ్ళ అనుభవం, అన్నీ ఆ కారిడార్‌లోనే అరిగిపోయేవి.

తొమ్మిదో గదిలో డోరీన్. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే కదిలేది. ఒళ్ళు నొప్పెడితే ఉంగరంతో మంచం కమ్మీ మీద కొట్టేది. టక్... టక్. వచ్చి నన్ను పక్కకి తిప్పండి అని. రెండు గంటలకోసారి తిప్పి, వీపు వెనకా మోకాళ్ళ మధ్యా దిండ్లు సర్దకపోతే అలాంటివాళ్ళకి ఒంటికింద పుండు పడుతుంది.

మా మేనేజర్ రాధాకృష్ణ నెల్లూరాయన. కంప్యూటర్లు రెండువేల సంవత్సరంలోకి సరిగ్గా దాటాలని వాటి చుట్టూ నలుగురిని కూర్చోబెట్టాడు. మా షిఫ్టులో మాత్రం ముసలివాళ్ళ పనులు చూసే ఇద్దరు కేరర్లలో ఒకరిని తీసేశాడు. మిగిలింది మెహ్విష్ ఒక్కతే, హైదరాబాదావిడ, ఇద్దరు పిల్లల తల్లి. మనుషులు చాలరని నేను మూడుసార్లు రాసిచ్చాను. జవాబు లేదు. ఆదివారం డోరీన్ తుంటి దగ్గరి పుండు విషమించి చనిపోయింది.

సోమవారం సాయంత్రం ఆయన ఆమె చార్టు తెచ్చి నా ముందు పడేశాడు.

"లలితా, రేపు ఇన్‌స్పెక్షన్. రెండు గంటలకోసారి తిప్పినట్టు ఈ ఖాళీ గళ్ళన్నీ నింపెయ్."

"తిప్పలేదు సార్. మనుషులేరి తిప్పడానికి?"

"అయితే మెహ్విష్ డ్యూటీ ఎగ్గొట్టిందని రాద్దాం. నీ వీసా పేపర్స్ మీద సైన్ చేసింది నేనేనని మర్చిపోకు."

ఒళ్ళు మండిపోయింది. "మెహ్విష్ పేరెత్తారంటే రేపు ఇన్‌స్పెక్టర్‌కి మొత్తం నేనే చెప్తాను" అన్నాను.

ఆయన చార్టు లాక్కుని, ఎవరూ చూడకుండా తనే నింపుకోవడానికి తొమ్మిదో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. టైము ఐదూ ఇరవై.

కాసేపటికి వాసన వచ్చింది. ఆ గదిని పొద్దున్నే బ్లీచింగ్‌తో కడిగించాను. అయినా అదే పుండు వాసన. తియ్యగా, కుళ్ళుగా... ఒక్కసారి ముక్కుకి పట్టిందంటే నర్సు మర్చిపోలేని వాసన.

ఆ తర్వాత చప్పుడు.

టక్... టక్...

మెహ్విష్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సిస్టర్... ఆమె ఉంగరం చప్పుడే ఇది."

"లోపల సారున్నారు" అన్నాను.

అప్పుడు ఆయన గొంతు. సన్నగా, గోడవైపు తిరిగి మాట్లాడుతున్నట్టు.

"లలితా... నన్ను తిప్పు... ఎవరైనా తిప్పండి..."

ఆ తలుపుకి గొళ్ళెం లేదు. తాళం లేదు. పిడి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది. తిప్పితే తిరిగేదే. నాకు తెలుసు. పక్కగదిలో ఇంకొకరికి అన్నం తినిపిస్తూ, డోరీన్ కొడుతున్న చప్పుడు ఎన్ని గంటలు విన్నానో గుర్తొచ్చింది. రాలేక... వినీ రాలేక...

చెయ్యి తీసేశాను.

"తలుపు తియ్యుండ్రి సిస్టర్!" మెహ్విష్ ఏడుస్తోంది.

"పద. అందరి భోజనాల టైమైంది" అన్నాను.

ఏడూ ఇరవైకి చప్పుడు ఆగింది. తలుపు తనంతట తనే తెరుచుకుంది. రాధాకృష్ణ ఆ మంచం మీద గోడవైపు తిరిగి పడున్నాడు. ప్రాణం ఉంది. మాట లేదు. ప్యాంటు తుంటి దగ్గర తడిసిపోయి ఉంది. కత్తిరించి చూశాను.

ఎముక కనిపిస్తోంది.

ఆంబులెన్సులో వచ్చినావిడ నా వంక అసహ్యంగా చూసింది. "ఎన్ని వారాల్నించి ఈయన్ని ఇలా వదిలేశారు?"

ఆయన మళ్ళీ మాట్లాడలేదు. మర్నాడు నేను ఇన్‌స్పెక్టర్‌కి అన్నీ చెప్పాను, ఆ తలుపు సంగతి తప్ప. తీసేసిన కేరర్ తిరిగి వచ్చింది, ఇంకొకరు కూడా. రెండేళ్ళకి ఆ హోమ్‌కి నేనే డైరెక్టర్‌నయ్యాను. ఒక్క చార్టులో కూడా అబద్ధం రాయనివ్వలేదు. కోపం మాత్రం తగ్గలేదు. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను.

ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. తలుపులన్నీ వేసుకుని, ఎడమవైపు తిరిగి పడుకుంటాను. లేచేసరికి కుడివైపుకి తిరిగి ఉంటాను. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు. పని తెలిసిన మనిషెవరో సర్దినట్టు.

నా ఇంట్లో ఉన్నది, తలకింద పెట్టుకునే ఒక్క దిండే.