తాగనివాళ్ళు ఇద్దరు

"డాక్టరమ్మను చంపబోతున్నారు," అన్నాడు చీఫ్. లాండ్రీ వెనక గదిలో, హ్యాంగర్లకు వేలాడుతున్న కోట్ల మధ్య అతని తల ఒక్కటే కనిపిస్తోంది. "ఆమె ఇచ్చే రసంతోనే. పదిమంది ముందు."

"ఎవరు?" అడిగాడు ఏజెంట్ ముంగిస. అతని అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. భార్య కూడా ఏమండీ అనే పిలుస్తుంది.

"విదేశీ ముఠా. రక్తనాళాలు బిగుసుకుపోకుండా ఖరీదైన మాత్రలు అమ్ముతోంది. నల్లద్రాక్ష, దానిమ్మ రసంతో ఆ పని అవుతుందేమోనని డాక్టరమ్మ వాలంటీర్ల మీద పరీక్షిస్తోంది. ఆ రసం తాగి ఆవిడే పడిపోయిందనుకో, మళ్ళీ ఆ మాట ఎత్తే మొనగాడుండడు. నువ్వు వాలంటీరుగా చేరు."

"అనుమానితులు?"

"నీలి కళ్ళద్దాల ఆవిడ ఉంటుంది. మొన్నటిదాకా వాళ్ళకీ పనిచేసింది, మనకీ పనిచేసింది. ఇప్పుడు రెండూ మానేశానంటోంది."

"నమ్మొచ్చా?"

"నన్నే నమ్మకు," అని చీఫ్ కోట్ల వెనక్కి తప్పుకున్నాడు.

ముంగిస బ్యాంకు క్లర్కు వేషంలో ల్యాబ్‌లో చేరాడు. రోజూ పొద్దున్నే డాక్టరమ్మతో సహా అందరికీ తలా ఒక గ్లాసు ఊదారంగు రసం. గ్లాసులు అందించే పని ఒక రిటైర్డ్ మాస్టారు తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. నెరిసిన మీసం, నిండైన నవ్వు. గోడవైపు తిరిగి తన గ్లాసు ఖాళీ చేసి "అమృతం తల్లీ!" అనేవాడు. పాపం, ఆ ల్యాబ్ మొత్తంలో ముంగిస అనుమానించని మనిషి ఆయనొక్కడే.

ముంగిస మాత్రం చుక్క తాగలేదు. ఇతరులు పోసింది గొంతు దిగకూడదన్నది వృత్తిలో మొదటి పాఠం. అతని కోటు చేతిలో దాచిన స్పాంజి గ్లాసెడు రసాన్ని గుటుక్కున పీల్చేసేది.

నీలి కళ్ళద్దాల ఆవిడ మాత్రం ఆఖరి చుక్కదాకా తాగి పెదవులు తుడుచుకునేది. అంత ధీమాగా ఎలా తాగుతోంది? విరుగుడు ముందే మింగి వస్తోందా?

"అలా గుడ్లప్పగించి చూడకండి క్లర్కు గారూ, అరిగిపోతాను," అందామె ఒకరోజు.

"ఊరికే చూశానండీ."

"ఊరికే చూసేవాళ్ళు రెప్ప వేస్తారు."

ఆఖరి డోసు రోజు వచ్చింది. జరిగేదేదో ఇవాళే జరగాలని ముంగిస జేబులో పిస్టల్ పెట్టుకొచ్చాడు. ఇన్నాళ్ళూ కడుపునిండా తిన్నావా బాబూ అని పలకరించిన డాక్టరమ్మ కళ్ళముందే పోతే తనను తాను క్షమించుకోలేడు.

నీలి కళ్ళద్దాల ఆవిడ కుర్చీలో కూర్చుంది. చేతికి బిగించిన పట్టీని కాసేపుంచి వదిలి, రక్తనాళం ఎంత విప్పారుతోందో స్కానర్‌లో చూస్తోంది డాక్టరమ్మ.

"చక్కగా విచ్చుకుంది. ఈ రసానికి వగరునిచ్చే పాలీఫినాల్స్ ఉన్నవున్నట్టుగా రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. పేగుల్లోని బాక్టీరియా వాటిని ముక్కలు చేస్తుంది. లివర్ ఆ ముక్కలకు మారువేషం వేసి పంపుతుంది. అవే నాళం లోపలి పొరను తట్టిలేపి, నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదిలించి, నాళాన్ని సడలిస్తాయని మా అనుమానం."

"మీకూ అనుమానాలేనా అమ్మా?" అన్నాడు ముంగిస. చెయ్యి జేబులోని పిస్టల్ మీదే ఉంది, చూపు నీలి కళ్ళద్దాల మీద ఉంది.

"నా అనుమానం తీరడానికే మీ అందరి మూత్రం పరీక్ష చేయించాను. ఒక్కొక్కరి పేగుల్లో ఒక్కో రకం ముక్కలు తయారవుతాయి. కొందరిలో తక్కువ, కొందరిలో ఎక్కువ. కానీ ఇద్దరిలో ఏ రకమూ లేదు. తాగనే లేదన్నమాట!" డాక్టరమ్మ గొంతులో బాధ, కోపం రెండూ ఉన్నాయి. "ఒకరు మీరు, క్లర్కు గారూ."

ముంగిస ముఖం కందగడ్డలా మారింది. "రెండోవారు?"

"మాస్టారు. రోజూ అమృతమన్నారే!" అంటూ మాస్టారు అందించిన గ్లాసును ఆమె పెదవుల దగ్గరికి ఎత్తింది.

ముంగిస బుర్ర గిర్రున తిరిగింది. పోసింది తాగకుండా రోజూ నటించే మనుషులు లోకంలో ఒక్క రకమే. మాస్టారూ తనలాగే గూఢచారి వృత్తిలో ఆ మొదటి పాఠం చదువుకున్నాడు!

ఒక్క ఉదుటున దూకి గ్లాసును కొట్టేశాడు. రసం పడ్డచోట నేల బుసబుసా పొంగింది. మాస్టారు నవ్వు ఊడిపోయింది. ముసలితనమూ ఊడిపోయింది. కుర్రాడిలా తలుపువైపు లంఘించాడు. నీలి కళ్ళద్దాల ఆవిడ తన చేతి పట్టీకున్న రబ్బరు గొట్టాన్ని చాచి అతని కాళ్ళకు అడ్డం పెట్టింది. మాస్టారు బోర్లా పడ్డాడు. ముంగిస అతని చేతులు విరిచి కట్టాడు.

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "ఇన్నాళ్ళూ ఆయన చేత్తోనే అందుకున్నాను బాబూ," అంది.

ముంగిస నీలి కళ్ళద్దాల వైపు తిరిగాడు. సిగ్గుగా ఉంది. "మిమ్మల్నే అరెస్ట్ చేయబోయానండీ. ఇంతకీ మీరెలా తాగగలిగారు?"

"మీ చీఫ్‌కి చెప్పాగా, ఆ ఉద్యోగం మానేశానని."

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. ఫ్రిజ్‌లోంచి సీలు వేసిన సీసా తీసి, తాను ఒక గుక్క తాగి, ఒక గ్లాసు నింపి ముంగిస ముందు పెట్టింది. "మీ నాళాలే అందరికంటే బిగుసుకుపోయాయి. మొదటి రోజు నుంచీ మళ్ళీ మొదలెట్టండి."

ముంగిస గ్లాసు వంక చూశాడు, డాక్టరమ్మ వంక చూశాడు, కళ్ళు మూసుకుని తాగేశాడు. వెంటనే ముఖం చిట్లించాడు.

ఇంత వగరుగా ఉందంటే, కచ్చితంగా ఆరోగ్యానికి మంచిదే అయ్యుండాలి.