అచ్చుతప్పు కాదు, హల్లుతప్పు

"డాక్టరమ్మగారింట్లోకే వెళ్లి చేసుకుంటాను సార్. తాతగారు ఒప్పుకుంటే రేపే."

బాట సారు ఫోన్లో తన పై అధికారితో అన్న మాట అక్షరాలా ఇది. చేసుకుంటానన్నది సర్వే. కానీ అతను నిలబడ్డది ప్రింటింగ్ ప్రెస్సు ముందు. లోపల అచ్చు మిషను దడదడలాడుతోంది. ఎదురింటి వరండాలో కూర్చున్న డాక్టరమ్మ తాతయ్య చెవికి చేరేసరికి ఆ వాక్యంలోంచి ఇల్లు కూలిపోయింది, 'వె' కాస్తా 'పె' అయి కూర్చుంది. అచ్చు వేసే మిషను హల్లు మార్చేసిందన్నమాట.

తాతయ్యకి వినపడిందిదీ: "డాక్టరమ్మనే పెళ్లి చేసుకుంటాను సార్. తాతగారు ఒప్పుకుంటే రేపే."

ఒప్పుకోకపోవడానికి ఆయనకి కారణమేదీ కనిపించలేదు. కుర్రాడు పొడుగ్గా ఉన్నాడు. ఎండలో నిలబడి కూడా వినయంగా మాట్లాడుతున్నాడు. పైగా పెద్దవాళ్లు ఒప్పుకుంటేనే అంటున్నాడు. అతను ఫోను జేబులో పెట్టుకుని గేటు దగ్గరికొచ్చి నోరు తెరిచేలోపే, "నాకు పూర్తిగా ఇష్టమే నాయనా. రేపు పొద్దున్నే వచ్చి తీరిగ్గా చూసుకో" అనేశాడు.

మున్సిపల్ ఆఫీసు పుట్టాక ఏ సర్వేకీ ఇంత తేలిగ్గా అనుమతి దొరికి ఉండదు. బాట సారు పొంగిపోయాడు.

అతని సంగతి కొంచెం చెప్పుకోవాలి. కాలువ గట్టు వెంట ఒక సైకిల్ బాట ఉంది. చక్కటి బాట. వంతెన దాకా హుషారుగా వచ్చి, చెప్పబోయే మాట మరిచిపోయినవాడిలా ఆగిపోతుంది. దాన్ని రైల్వే స్టేషను దాకా పొడిగించే పని మున్సిపాలిటీ అతనికి అప్పగించింది. ఎటునుంచి అన్నదే పేచీ. మెయిన్ రోడ్డు మీదుగా అయితే తెల్లగీత గీస్తే పనైపోతుంది. కాకపోతే బస్సుకీ సైకిలుకీ మధ్య ఆ గీత తప్ప ఇంకేమీ ఉండదు. ఈ సందులోంచి అయితే నీడ, నిదానం. డాక్టరమ్మ ప్రహరీ గోడ అడ్డొస్తుందేమో కొలిచి చూడాలంతే. స్కూలు పిల్లలు బస్సుల పక్కన బిక్కుబిక్కుమంటూ తొక్కుకుపోవడం చూసిన రోజునుంచీ అతనికి సందు తప్ప మరో ధ్యాస లేదు. ఎప్పుడు చూసినా టేపుతో అక్కడే తిరుగుతుంటే జనం 'బాట సారు' అని పేరు పెట్టారు. 'రు'కి కొమ్ము తీసి గుడి కడితే బాటసారే.

ఇక డాక్టరమ్మది చెవుల వైద్యం. వినికిడి పరీక్షలు చేసి, అవసరమైనవాళ్లకి చెవి మిషన్లు అమర్చుతుంది. ఇంటి ముందు గదే క్లినిక్కు. ఊళ్లో చెవులన్నీ ఆమె మాట వింటాయి గానీ ఇంట్లో రెండు చెవులు మాత్రం లొంగలేదు. తాతయ్యని మిషను పెట్టుకోమంటే, నాకు వినపడనిదల్లా వినక్కర్లేనిదే అంటాడు. ఆయనకి ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం కాదు, చెవుల డాక్టరుకి శోకం.

మర్నాడు బాట సారు వచ్చేసరికి తాతయ్య ఇస్త్రీ చొక్కాలో, టీ బిస్కెట్లతో సిద్ధంగా ఉన్నాడు. ఆయనకి వినికిడి తక్కువని అప్పటికి తెలిసింది కాబట్టి, బాట సారు ప్రహరీ గోడ వైపు చూస్తూ గొంతు పెంచి, ఎన్నేళ్లయిందండీ అని అడిగాడు.

"ఇరవై ఏడు."

"అయితే కాస్త పాతదే. పగుళ్లేమైనా ఉన్నాయా?"

తాతయ్య మొహం మాడింది. "కోపం ఉంది. పగుళ్లు లేవు."

"పునాది?"

"మా వంశమంతా గట్టిదే నాయనా."

"ఒకవేళ తీసెయ్యాల్సి వస్తే..."

"ఎవర్నండీ తీసెయ్యడం?"

క్లినిక్కు గుమ్మంలో డాక్టరమ్మ నిలబడి ఉంది. చెవుల్లోకి చూసే చిన్న టార్చి వెలుగు అతని మొహాన పడింది. చూపు అంతకన్నా ముందే పడింది.

"గోడనండీ" అన్నాడు బాట సారు, తనకే సరిగ్గా వినపడనంత మెల్లగా.

ఆమె అతని చేతిలో టేపు చూసింది. తాతయ్య ఇస్త్రీ చొక్కా చూసింది. నిన్ను పెళ్లి చేసుకుంటానని ఇతను నిన్న ఫోన్లో అన్నాడమ్మా, సందంతా చెప్పేశాను అన్నాడాయన. నిన్న సాయంత్రం నుంచి సందులో ఆడవాళ్లంతా తనని చూసి ఎందుకు ముసిముసిగా నవ్వుతున్నారో అర్థమైంది. అతన్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"నన్ను పెళ్లి చేసుకుంటానని ఫోన్లో మీరెవరికో మాటిచ్చారట."

"నేనన్నది బాట కోసం మీ ఇంట్లోకి వెళ్లి సర్వే చేసుకుంటాననండీ."

"బాట మాటయింది. వెళ్లి పెళ్లయింది. మా తాతయ్య దగ్గర ఏ హల్లుకీ గ్యారంటీ లేదు."

నిజం చెప్పేద్దామని ఇద్దరూ వరండాలోకి వచ్చారు. చెప్పారు కూడా. వెళ్లి తాతయ్యా, వెళ్లి అని ఆమె గొంతు చించుకుంది. అవునమ్మా పెళ్లే, అందుకేగా టీ పెట్టించింది అన్నాడాయన. ఆ కేక సందంతా విని, పిల్ల కూడా ఒప్పుకుందని తీర్మానించేసింది.

ఆ తర్వాత బాట సారు కొలతలకి మళ్లీ మళ్లీ వచ్చాడు. గోడ మాత్రం పెరగలేదు, తరగలేదు. ఒక మధ్యాహ్నం ఫెళ్లున వాన పట్టుకుంటే క్లినిక్కులోకి పరుగెత్తాడు. ఊరికే కూర్చోవడమెందుకని డాక్టరమ్మ అతన్ని పరీక్ష గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడగానే చెయ్యెత్తమంది. అద్దం అవతల కూర్చుని అతని వైపు చూసింది. అతను చెయ్యెత్తాడు.

"మిషను ఇంకా ఆన్ చెయ్యలేదండీ. ఏం వినపడింది?"

"ఏదో కొట్టుకుంటోంది."

"వాన."

"వానే అయ్యుంటుందిలెండి."

ఆమె మిషను వైపు తిరిగింది. చాలాసేపు ఏ బటనూ నొక్కలేదు.

అతను మాత్రం మనసులో మాట పైకి చెప్పలేదు. ముందు రూటు తేలాలి అనుకున్నాడు. తవ్వి చూస్తే డాక్టరమ్మ గోడ కింద ఊరికి నీళ్లిచ్చే పెద్ద పైపు బయటపడింది. దానిమీద బాట వెయ్యడం కుదరదు. అవతలి పక్కకి జరపాలి. అవతలి పక్కన ప్రెస్సు వాళ్ల కాగితాల షెడ్డు ఉంది. దాని మూల కొట్టెయ్యాలి.

అంతే, ప్రెస్సు యజమానికి ఒళ్లు మండింది. సందులో అందరికీ బాబాయ్ అయిన ఆయన మున్సిపల్ కమిటీ మీటింగులో, హాలు నిండా జనం ఉండగా లేచి నిలబడ్డాడు.

"రేపు ఇతనికి అత్తారిల్లు కాబోయే ఇల్లు మేడం అది. ఆ గోడకి దెబ్బ తగలకూడదని నా షెడ్డు మీదకి గీత గీశాడు. ఇది రూటు కాదు, చుట్టరికం."

చైర్మన్ మేడం కళ్లజోడు తీసింది. ఈ మాటలో నిజముంటే సందు ప్లాను రద్దు చేసి మెయిన్ రోడ్డుకే ఓటు వేస్తామంది. బాట సారు కళ్లముందు బస్సులు, వాటి పక్కన పిల్లలు.

డాక్టరమ్మ లేచి రెండు నిమిషాలు అడిగింది. పరీక్షల కోసం ఆమె ఫోన్లో రకరకాల చప్పుళ్లు ఉంటాయి. మైకు దగ్గర అచ్చు మిషను చప్పుడు పెట్టి, నోటికి అడ్డంగా ఫైలు పట్టుకుని, ఒక ముక్క అంటాను, విన్నది చెప్పండి అంది. తర్వాత ఆ ముక్క అంది.

"పెళ్లి చేసుకుంటాను" అంది హాలంతా. అందరికన్నా గట్టిగా ప్రెస్సు బాబాయ్.

ఆమె చప్పుడు ఆపి, ఫైలు దించి, మళ్లీ అంది. "వెళ్లి చేసుకుంటాను."

హాలు నోరు తెరిచింది. రెండు హల్లులూ పెదవుల దగ్గరే పుడతాయనీ, మిషను రొదలో పెదవులు కనపడకపోతే చెవి తనకి ఇష్టమైనదే ఎంచుకుంటుందనీ ఆమె వివరించింది. ఆ రోజు బాట సారు మాట్లాడింది సర్వే గురించి. అది విన్నది తాతయ్య. తాతయ్య నోట విన్నది మీరందరూ. నవ్వులు మొదలయ్యాయి. బాబాయ్ చెవి గోక్కున్నాడు.

"అయితే మీ మధ్య ఏమీ లేదన్నమాట" అంది మేడం, ఫైలు దగ్గరికి లాక్కుంటూ.

'లేదు' అనేస్తే సంతకం పడిపోతుంది. బాట సారు లేచాడు.

"ఆ రోజు లేదు మేడం. ఇప్పుడు నా వైపు నుంచి ఉంది. ఆవిణ్ణి ఇంకా అడగలేదు. అందుకని నా మాట నమ్మొద్దు, పైపు సంగతి వేరే వాళ్లని అడగండి."

డాక్టరమ్మ అద్దం అవతల కూర్చున్నట్టే అతన్ని చూసింది.

నీళ్ల శాఖ ఇంజినీరు వెనక వరసలోంచి లేచాడు. ఆ పైపు వీళ్లిద్దరూ పుట్టకముందునుంచీ అక్కడే ఉందన్నాడు. "ప్రేమ పుట్టిందని పైపు పక్కకి జరగదు మేడం."

షెడ్డుని మున్సిపాలిటీ ఖర్చుతో పెరటివైపు కట్టించాలని రాసుకున్నాక, బాబాయ్ కూడా హమ్మయ్య అని కూర్చున్నాడు. మేడం సంతకం పెట్టింది. పెట్టి, డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మీ వైపు నుంచి అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

"లేవండీ. కానీ తొందరేం లేదు. ముందు బాట పడనివ్వండి."

చప్పట్లకి కిటికీ అద్దాలు అదిరాయి. ముందు వరసలో తాతయ్య మాత్రం అటూ ఇటూ చూస్తున్నాడు. డాక్టరమ్మ ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన మొహం తనవైపు తిప్పుకుని, పెదవులు కనపడేలా మెల్లగా అంతా చెప్పింది. అచ్చు మిషను, వెళ్లి, పెళ్లి, గోడ, పైపు. ఆయన రెప్ప వెయ్యకుండా విన్నాడు.

"అంటే ఆ రోజు నేను విన్నది తప్పా?"

"తప్పే తాతయ్యా."

"మరి నువ్విప్పుడు ఒప్పుకున్నావని వీళ్లంతా చప్పట్లు కొడుతున్నారే, అది?"

ఆమె తలొంచుకుంది. జవాబు హాలంతా కలిసి, ఆయనకి వినపడేలా చెప్పింది.

"అది కరెక్టే తాతయ్యా."