సంధ్య గురువారాలు

బుధవారం పొద్దున వాన పట్టుకుంది. పనికి బయల్దేరుతున్న రుక్కమ్మ గొడుగు కోసం కూతురి బ్యాగులో చెయ్యి పెట్టింది. గొడుగు దొరకలేదు. రబ్బరు బ్యాండు చుట్టిన ఐస్‌క్రీం పుల్లల కట్ట చేతికి తగిలింది. లెక్కపెడితే పదకొండున్నాయి.

ఒకటి రెండు అయితే వేరు. పదకొండు పుల్లలు ఆడపిల్ల ఎందుకు దాచుకుంటుంది? ఎవరితో కూర్చుని తిన్నది?

"సంధ్యా, ఏందే ఇవి?"

కూతురు గబుక్కున కట్ట లాక్కుంది. "ఆఫీసుల ఆటకు తెచ్చినం. నువ్వు నా బ్యాగు ఎందుకు చూస్తున్నవ్?" అంది, ఎప్పట్లాగే పళ్ల సందుల్లోంచి.

రుక్కమ్మ వానలోనే పనికి బయల్దేరింది. కానీ రాయదుర్గం దగ్గర తను పనిచేసే అద్దాల భవనంలో ఆ రోజంతా నేల తుడుస్తున్నా మనసు పుల్లల మీదే ఉంది.

హుస్నాబాద్ వైపు నుంచి వాళ్లు ఖాజాగూడకు వచ్చి పదిహేనేళ్లు దాటింది. మొదట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ బిల్డింగు పనులకు పోయేవాళ్లు. ఇప్పుడు ఓదెలు ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ. సంధ్య పన్నెండో ఏట గురుకులం హాస్టలుకు వెళ్లి, డిగ్రీ పూర్తిచేసుకుని నిరుడే ఇంటికి వచ్చింది. మాదాపూర్‌లో కంప్యూటర్ ఎంట్రీ పని. వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల తీరే అంతుపట్టడం లేదు. అందరూ తిన్నాక గోడవైపు తిరిగి కూర్చుంటుంది. అన్నాన్ని పసిపిల్లకు కలిపినట్టు మెత్తగా పిసికి వేళ్ల కొసలతో లోపలికి నెట్టుకుంటుంది. పట్నం ఆఫీసు నాజూకు అనుకుంది రుక్కమ్మ. ఆదివారం పెళ్లిచూపులు అంటే మాత్రం, "ఇప్పుడే వద్దమ్మా" అని ఒకటే మాట. పైగా రెండు నెలలుగా ప్రతి గురువారం రెండు గంటలు ముందే బయల్దేరుతోంది.

ఆ సాయంత్రం సంధ్య స్నానానికి వెళ్లినప్పుడు ఫోను మోగింది. రుక్కమ్మ ఎత్తి చెవిన పెట్టుకుంది.

"సంధ్యగారూ, నితీష్‌ని. రేపు పదింటికి తప్పకుండా రండి. ఇంట్లో ఇంకా ఎన్నాళ్లు దాస్తారండీ? ఇంక ఆలస్యం చేస్తే మీకే కష్టం."

రుక్కమ్మ వెంటనే కట్ చేసింది. ఫోను ఉన్నచోటే పెట్టేసింది. మొగుడితో చెబుదామనుకుంది గానీ, ఓదెలు కోపం తెలిసి ఊరుకుంది.

మర్నాడు సూపర్‌వైజరుకు జ్వరమని చెప్పి, కూతురు ఎక్కిన ఆటో వెనకే ఇంకో ఆటో మాట్లాడుకుంది. అరగంట తర్వాత ఒక పెద్ద భవనం ముందు సంధ్య దిగింది. గేటు దగ్గర ఒక యువకుడు నవ్వుతూ ఎదురొచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ లోపలికి నడిచారు. రుక్కమ్మ బోర్డు చదవలేకపోయింది, అది ఇంగ్లీషులో ఉంది. కానీ లోపల వరుసగా కుర్చీలు, మందుల వాసన, తెల్ల బట్టల నర్సులు. దవాఖాన!

దాచడం. ఆలస్యం చేస్తే కష్టం. పెళ్లి వద్దనడం. అన్నీ ఒక్కటే చెబుతున్నట్టు తోచింది ఆమెకు.

పరుగున వెళ్లి కూతురి జబ్బ పట్టుకుని ఈడ్చింది.

"ఎన్నో నెలే నీకు? మా మొకం మీద మన్ను కొట్టినవు గదే!"

కుర్చీల్లో వాళ్లంతా తలెత్తారు. ఆ యువకుడు నిర్ఘాంతపోయాడు. సంధ్య ముఖం పాలిపోయింది. కానీ తల్లి చెయ్యి విడిపించుకోలేదు. ఆ చేతి చూపుడువేలు పట్టుకుని తన పళ్ల మధ్య ఆనించింది. వేలు లోపలికి పోలేదు.

"ఇంతే తెరుచుకుంటదమ్మా. ఇంతకంటే తెరుచుకోదు. ఇది పండ్ల దవాఖాన."

రుక్కమ్మకు అర్థం కాలేదు. యువకుడు చేతిమీదున్న తెల్లకోటు తొడుక్కుని, ఇద్దర్నీ గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

"నేను డాక్టర్ నితీష్‌నండి. పన్ను నొప్పని వచ్చారు మీ అమ్మాయి. చూద్దామంటే పరికరమే లోపలికి పోలేదు. చెవుల ముందు దవడ కదిలే కీళ్లు రెండూ బిగుసుకుపోయాయి. కాస్త తెరుచుకుంటుందేమోనని పళ్ల మధ్య పుల్లలు ఒక్కోటీ పెంచుతూ పెట్టుకోమన్నాం. నాలుగుకు మించి పట్టలేదు, లాభం లేదు. స్కాన్‌లో ఎముక అతుక్కుపోయిందని తేలింది. ఆపరేషన్ చేసి, ఆ అతుకు తీసేసి, మళ్లీ అంటుకోకుండా మధ్యలో కండ పెట్టాలి."

"గిట్ల ఎందుకైంది సారూ?"

సంధ్య చటుక్కున, "సార్, అది చెప్పొద్దు" అంది.

ఆ మాటతో రుక్కమ్మ అనుమానం మళ్లీ లేచింది. "ఏం దాస్తున్నవే ఇంకా? చెప్పు సారూ."

డాక్టరు సంధ్య వైపు చూసి, నెమ్మదిగా అడిగాడు. "చిన్నప్పుడు గడ్డం నేలకు కొట్టుకునేలా పడిందా అండీ?"

పడింది. కట్టే బిల్డింగు మెట్లమీద నుంచి, హాస్టలుకు పోయే ముందు ఎండాకాలం. గడ్డానికి నాలుగు కుట్లు వేయించి ఇంటికి తీసుకొచ్చింది రుక్కమ్మ. నోరు తెరిస్తే నొప్పని పిల్ల ఏడుస్తుంటే చూడలేక, "నోరు తెరవకు బిడ్డా, కదిలితే నొప్పి లేస్తది" అని రెండు నెలలు జావే పోసింది. మాట్లాడనివ్వలేదు కూడా.

"రెండు చెవుల దగ్గరా ఎముక విరిగినట్టుంది. కుట్లు చూశారు గానీ, అది ఎవరూ చూడలేదు" అన్నాడు డాక్టరు. "అప్పుడు నొప్పైనా కదిలిస్తూ ఉండాల్సింది. కదలకపోతే లోపల చేరిన నెత్తురు గట్టిపడి, ఏళ్ల మీద ఎముకగా మారుతుంది. మీకెలా తెలుస్తుందండీ?"

రుక్కమ్మ కూతురి వైపు తిరిగింది. "నా వల్లనే అయింది. నీకు తెలుసు."

"నువ్వు నా నొప్పి చూడలేకనే చేసినవ్" అంది సంధ్య. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. "చెప్తే నీ పానం బాధపడతదని, ఆపరేషన్ అయినంక చెప్దామనుకున్న."

"నేనేమో అందరి ముంగట గంత మాట అంటి" అని రుక్కమ్మ కూతుర్ని పొదివి పట్టుకుని గొల్లుమంది.

ఆదివారం రావాల్సిన వాళ్లకు ఓదెలే ఫోను చేసి, పిల్లకు ఆపరేషన్ ఉంది, ఇప్పుడు రావద్దని చెప్పాడు. నెల తిరిగేలోపు ఆపరేషన్ జరిగింది. కానీ అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. రోజుకు ఐదారుసార్లు, కనీసం ఆరు నెలలు, దవడను సాగదియ్యాలి. మానేస్తే మళ్లీ అతుక్కుంటుందన్నాడు డాక్టరు. రుక్కమ్మ పనికి సెలవు పెట్టింది.

మొదటి రోజు చెయ్యి వెయ్యగానే సంధ్య కేక పెట్టింది. చెవుల దగ్గర వాపు ఇంకా తగ్గలేదు. గుమ్మంలో నిలబడ్డ ఓదెలు తట్టుకోలేక, "ఇయ్యాల్టికి ఇడిసిపెట్టవే, పిల్ల సచ్చిపోతది" అన్నాడు.

రుక్కమ్మ కన్నీళ్లు కూతురి చెంపల మీద పడుతున్నాయి. అయినా చేతులు తియ్యలేదు.

"నువ్వు బయటికి పో" అంది మొగుడితో. "జర ఓర్చుకో బిడ్డా. ఇంకొంచెం తెరువు."