లేని అక్రోటు చెట్టు దగ్గర ఎడమకి

మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. ఒరోసియా కొండ మీద నుంచి సైకిలు తొక్కుతూ దిగుతోంది. తొక్కుతూ అనడం కూడా తప్పే. పెడళ్ల మీద లేచి నిలబడింది. రాయి తగిలిన చోటల్లా ఎగురుతోంది. మలుపుల్లో మోచెయ్యి పొదలకు రాసుకునేంతగా ఒరుగుతోంది. హ్యాండిల్‌కు కట్టిన మూడు ఎర్ర రిబ్బన్లు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. వెనకాల పిల్లలు వస్తున్నారో లేదో ఒకసారి చూద్దామని కూడా తోచలేదు.

సంబరం ఉండదా మరి? ఈ దారి వాళ్ల ఫెర్మీన్ తాతది. కంచరగాడిదలు బరువులు మోసిన రోజులనాటి పాత దారి. గాడిదలు పోయాయి, పై ఊరు వదిలి మనుషులూ పోయారు, ముళ్లకంపలు మాత్రం నేనున్నానంటూ మిగిలాయి. తాత మూడు చలికాలాలు కొడవలి, పార పట్టుకుని ఆ కంపలతో కుస్తీ పట్టి దారిని మళ్లీ బయటికి తెచ్చాడు.

ఇక మిగిలింది ఒక్కటే. లోయలోని సైకిలు దారుల పటంలో దానికి చోటు దొరకాలి. పటంలో ఇప్పటికి పది దారులున్నాయి. తాత దారికి పదకొండో నంబరు రావాలి. ఒరోసియాకు కూడా పదకొండేళ్లే. ఆ నంబరు తన కోసమే ఎదురు చూస్తోందని ఆమెకు గట్టి నమ్మకం.

నంబర్లు ఇచ్చేది ఎంకార్నా అనే ఆవిడ. మెడలో ఈల, చేతిలో పుస్తకం. నవ్వు మాత్రం తక్కువ. ఆవిడ పెట్టే షరతు ఒకటే.

"ఈ కొండ మొహం చూడని మనిషి, ఎవర్నీ అడక్కుండా పైనుంచి కిందికి దిగిరావాలి. అప్పుడే నంబరు."

అందుకే ఈ శనివారం మైదానంలోని పట్నం బడి నుంచి పన్నెండు మంది పిల్లలు వచ్చారు. సైకిళ్లతో సహా వాళ్లను వ్యాన్లో కనుమ దాకా చేర్చారు. అక్కణ్ణించి ముగ్గురేసి పిల్లలు, పది నిమిషాలకో జట్టు, కింద బెస్కూరా ఊరి దాకా దిగాలి. ఎవరూ తప్పిపోకుండా దారిలో రిబ్బన్లు కట్టే పని ఒరోసియాది.

నిన్న సాయంత్రం బెస్కూరా బడి బెగోన్యా టీచర్ ఆమెకు ఇరవై నాలుగు రిబ్బన్లు లెక్కపెట్టి ఇచ్చింది. దారిలో ఎనిమిది చీలికలున్నాయి. ఒక్కో చీలిక దగ్గర మూడు రిబ్బన్లు. చీలికకు ముందు ఒకటి, సరైన దారిలో ఒకటి, తప్పు దారికి అడ్డంగా ఒకటి. ఒరోసియా ఏడు చీలికల దగ్గర ముచ్చటగా కట్టింది. ఎనిమిదోది అక్రోటు చెట్టు దగ్గర. అక్కడికి వచ్చేసరికి ఆమెకు నవ్వొచ్చింది. అక్రోటు చెట్టు దగ్గర ఎడమకు తిరగాలని బెస్కూరాలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ గుర్తు దేనికి, దండగ. ఆ మూడు రిబ్బన్లూ తీసుకెళ్లి తన హ్యాండిల్‌కు కట్టుకుంది. ఎంత బాగున్నాయో.

పొద్దున కనుమ దగ్గర ఎలియాస్ అనే పదేళ్ల అబ్బాయి ఆమె దగ్గరికి వచ్చాడు. అద్దె సైకిలు, కొత్త హెల్మెట్. రెండు నిమిషాలకోసారి హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు. జాగ్రత్తగా చూసుకోవాల్సిన చోటేమైనా ఉందా అని అడిగాడు.

"భయపడకు. రిబ్బన్లు చూసుకుంటూ వచ్చెయ్. అక్రోటు చెట్టు దగ్గర మాత్రం ఎడమకి తిరుగు. అంతే," అని చెప్పి ఒరోసియా మొదటి జట్టుతో దూసుకుపోయింది.

ఇదిగో, ఇప్పుడు ఊళ్లోకి వచ్చి పడింది. చర్చి ముందు పెద్ద బాణలిలో రొట్టె పొడి, సాసేజి ముక్కలు వేగుతున్నాయి. పక్కన ద్రాక్షపళ్ల బుట్ట. ఆమె చక్రాలను అంటిపెట్టుకుని వచ్చిన మొదటి జట్టు అరుపులతో దిగింది. ముందున్నవాళ్ల దుమ్ము చూసుకుంటూ రెండో జట్టు వచ్చింది. ఒకమ్మాయి మోకాలు గీరుకుపోయింది, అయినా మళ్లీ పైకి వెళ్దామంటోంది. తాత మీసాల చాటున నవ్వుకుంటున్నాడు.

తర్వాత నాలుగో జట్టు వచ్చింది, వాళ్ల వెనకాలే దారి తెలిసిన బెగోన్యా టీచర్.

టీచర్ హెల్మెట్ తీసి పిల్లల్ని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిది మందే ఉన్నారు. మూడో జట్టు లేదు. అంటే ఎలియాస్ జట్టు. దారి మధ్యలో ఎలియాస్ సైకిలు గొలుసు ఊడిందట, వాళ్లు ఆగడం రెండో జట్టు వాళ్లు చూశారట. కానీ టీచర్‌కు దారిలో ఎవరూ ఎదురుపడలేదు. ఫోన్ చేస్తే కొండ మీద సిగ్నల్ లేదు.

ఒరోసియా తన సైకిలు వంక చూసింది. చెయ్యి తనకు తెలియకుండానే హ్యాండిల్ మీది రిబ్బన్లను కప్పేసింది.

టీచర్ మిగతా పిల్లల దగ్గర ఉండిపోయింది. తాత తన బ్యాటరీ సైకిలు బయటికి తీశాడు. మోకాళ్లు మొరాయించాక కొనుక్కున్న సైకిలు అది. ఒరోసియా తన సైకిలెక్కింది. మామూలు రోజుల్లో ఎక్కుడులో తాత తనను దాటిపోతే బ్యాటరీ దొంగా అని వెక్కిరిస్తుంది. ఈసారి తాత వెనక చక్రం మీదే చూపు పెట్టింది. ఊపిరి ఆడకపోయినా తొక్కుతూనే ఉంది.

అక్రోటు చీలిక దగ్గర ఇద్దరూ ఆగారు. మెత్తటి మట్టిలో మూడు సైకిళ్ల జాడలు స్పష్టంగా ఉన్నాయి. ఎడమకు తిరగలేదు. వెడల్పు దారిలో తిన్నగా పై ఊరి వైపు పోయాయి. ఒరోసియాకు భయంతో పాటు కోపం కూడా వచ్చింది.

"అక్రోటు దగ్గర ఎడమకి అని చెప్పాను కదా తాతా. కళ్లు ఎక్కడ పెట్టుకున్నారు వీళ్లు?"

తాత సైకిలు దిగి ఆమె వంక చూశాడు.

"ఏదే ఆ అక్రోటు? చూపించు."

ఒరోసియా చెయ్యెత్తి చూపించింది. చూపించిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అక్కడ నాలుగు పొదలున్నాయి. వాటి పైన ఆకాశం ఉంది. చెట్టు లేదు.

"గాలివానకి పడిపోయిందమ్మా," అన్నాడు తాత. "నువ్వు పుట్టక ముందు చలికాలంలో. రెండేళ్లు మన పొయ్యిలోకి అదే కట్టె. చెట్టు పోయింది గానీ మా నోటికి ఆ మాట పోలేదు."

పుట్టక ముందు. అంటే ఆ చెట్టును ఒరోసియా ఏనాడూ చూడలేదు. ఊరంతా అక్రోటు దగ్గర, అక్రోటు దగ్గర అంటుంటే, ఆ చోటుకు వచ్చినప్పుడల్లా ఆమె మనసులో ఒక చెట్టు నిలబడేది. అంతే. ఎలియాస్ మనసులోకి ఆ చెట్టు ఎక్కణ్ణించి వస్తుంది?

వెంటనే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. పై ఊళ్లో నిజంగానే ఒక అక్రోటు చెట్టుంది. దాని దగ్గర ఎడమకు తిరిగితే దారి నేరుగా వాగు మీది వంతెనకు పోతుంది. ఆ వంతెన పోయిన వసంతంలో కొట్టుకుపోయింది.

"తాతా, పద," అంది. ఈసారి బ్యాటరీ సైకిలు కూడా ఆమెను అందుకోలేకపోయింది.

పై ఊళ్లో కూలిన గోడలు, పైకప్పుల్లేని ఇళ్లు. ఒరోసియా ఎలియాస్ పేరు పెట్టి గొంతు చించుకుని పిలిచింది. ఆఖరి గోడ దాటేసరికి మూడు సైకిళ్లు నేల మీద పడి ఉన్నాయి. అక్రోటు చెట్టు కింద ముగ్గురూ బాసింపట్లు వేసుకుని కూర్చుని, రాళ్లతో కాయలు పగలగొట్టుకు తింటున్నారు. తొక్కల పసరు అంటుకుని చేతులన్నీ నల్లగా అయిపోయాయి. మూతులు కూడా.

ఒరోసియాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఎలియాస్ ఆమెను చూసి గబుక్కున లేచాడు. తిట్లు పడతాయనుకున్నాడేమో, ముందుగానే చెప్పేశాడు. "నువ్వు చెప్పినట్టే వచ్చాం. అక్రోటు చెట్టు కోసం చూస్తూనే ఉన్నాం. ఎంతకీ రాదే. ఇక్కడ దొరికింది. ఇవి తినేసి ఎడమకి తిరుగుదామనుకున్నాం."

తాత ఎడమ దారి వైపు ఒకసారి చూసి, టోపీ తీసి, నుదురు తుడుచుకున్నాడు. తర్వాత తానూ ఒక కాయ అందుకుని, మీ ఆకలి చల్లగుండ, అని పక్కన కూలబడ్డాడు. మోకాళ్లకు కాస్త విశ్రాంతి కావాలట. కళ్లు మాత్రం ఎడమ దారి మీది నుంచి కదల్లేదు. ఒరోసియా అది చూసింది.

ముగ్గురితో ఊళ్లోకి దిగేసరికి అందరూ చుట్టుముట్టారు. ఎంకార్నా ఈల పక్కకు నెట్టి పుస్తకం తెరిచింది. అక్రోటు చీలిక దగ్గర రిబ్బన్లు ఏమయ్యాయని అడిగింది.

తాత గొంతు సవరించుకున్నాడు. "కొండ మీద గాలి సంగతి మీకు తెలీనిదా..."

"గాలి కాదు," అంది ఒరోసియా. మొహం ఎర్రబడింది. "నేనే కట్టలేదు. మాకందరికీ తెలుసు కదా అనుకున్నాను. ఇవిగో." హ్యాండిల్ మీది మూడు రిబ్బన్లు విప్పి ఎంకార్నా ముందు పెట్టింది.

ఎంకార్నా వాటిని ముట్టుకోలేదు. ఈరోజు నంబరు ఇవ్వలేనని చెప్పింది. తాత తల వంచుకున్నాడు. ఆ తల చూడటం ఒరోసియా వల్ల కాలేదు. ఆవిడ పుస్తకం మూసి, వచ్చే శనివారం మళ్లీ వస్తాను, దారి తెలియని మనిషిని మీరే వెతుక్కోండి అంది.

ఎలియాస్ నల్లటి చెయ్యి పైకెత్తాడు.

"మా నాన్న ఉన్నాడు. రోజూ బస్సు నడిపే దారి తప్ప ఇంకేదీ తెలీదు."

అలా ఆ వచ్చే శనివారం బస్సు డ్రైవరు రమీరో కనుమ దగ్గర సైకిలెక్కాడు. వాలు చూసి ఆయన మీసం వణికింది. ముందు ఆయన, వెనక ఒరోసియా, ఎలియాస్, అందరికన్నా వెనక ఎంకార్నా. వెనకున్నవాళ్లు ఒక్క మాట కూడా మాట్లాడకూడదని ఒరోసియానే నియమం పెట్టింది. ఎటు తిరగాలో కళ్లతో కూడా చెప్పకూడదు.

రెండు చీలికలు సాఫీగా దాటాడు. మూడో దాని దగ్గర తప్పు దారికి హ్యాండిల్ తిప్పాడు. కుడికి అన్న మాట ఒరోసియా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేసింది. ఆయన నాలుగడుగులు పోయి, అడ్డంగా కట్టిన రిబ్బను చూసి వెనక్కి వచ్చాడు. ఒరోసియా సైకిలు దిగి చూసింది. ముందు కట్టాల్సిన రిబ్బను కట్టే ఉంది గానీ, చెట్టుకు దిగువ వైపున ఉంది. తను ఆ రోజు చెట్టు దాటాక ఆగి, వెనక్కి తిరిగి కట్టింది. పైనుంచి దిగేవాడికి అది ఎలా కనిపిస్తుంది? మాట్లాడకుండా విప్పి, పై వైపుకు కట్టింది.

నాలుగు, అయిదు, ఆరు, ఏడు. రమీరోకు ధైర్యం వచ్చేసింది. బస్సు హారన్‌లా నోటితో మోగిస్తూ మలుపులు తిరుగుతున్నాడు. ఎలియాస్ నోరు మూసుకుని నవ్వాపుకోలేక చస్తున్నాడు.

ఎనిమిదో చీలిక. రమీరో బ్రేకు నొక్కాడు. ముందు చక్రం వెడల్పు దారి వైపు కాస్త ఒరిగింది. ఒరోసియా ఊపిరి బిగబట్టింది. తన హ్యాండిల్‌కు ఇప్పుడు ఏ రిబ్బనూ లేదు. ఉన్న మూడూ అక్కడ, చెట్టు లేని చోట, పొదల మీద ఎర్రగా ఊగుతున్నాయి.

రమీరో తలెత్తాడు. చూశాడు. హారన్ మోగించి ఎడమకు తిరిగిపోయాడు.

ఇంతసేపూ దాచుకున్న అరుపంతా ఒరోసియా అప్పుడు ఒక్కసారిగా వదిలింది. కింద ఊళ్లో తాతకు కూడా వినిపించింది. ఆయన అప్పటికే పదకొండో నంబరు పలక కొట్టడానికి సుత్తి, మేకులు పట్టుకుని నిలబడి ఉన్నాడు.