లైన్ క్లియర్

“లైన్ రెడీ.”

శత్రువుల వైర్‌లెస్‌లో దొరికిన మాట అదొక్కటే. రైల్వే లైనేమోనని రెండు రైళ్లు ఆపారు. ఫోన్ లైనేమోనని ఎక్స్‌చేంజి అంతా గాలించారు. సినిమా టికెట్ల లైను చెదరగొట్టారు. ఆఖరికి బస్‌స్టాప్‌లో ఓ పిల్లకు లైనేస్తున్న కుర్రాణ్ణి కూడా పట్టుకొచ్చారు.

“ఇంగ్లీషోడికి మాటలు కరువా? ఒక్కదానికే ఇన్ని పనులు పురమాయించాడు!” చీఫ్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“మాటనొదిలెయ్ మామయ్యా. అది వినిపించినప్పుడల్లా చర్చల హాల్లో లైట్లు రెప్ప కొడుతున్నాయంట. మీ అమ్మాయే చెప్పింది,” అన్నాడు ఏజెంట్ ఉడుత.

“ఆఫీసులో చీఫ్ అనమన్నానా!” అంటూనే చీఫ్ పాలిపోయాడు.

హాల్లో రెండు దేశాల పెద్దల మధ్య దుబాసీగా కూర్చున్నది ఆయన కూతురు. ఏజెంట్ ఉడుతకు భార్య.

లైన్‌మన్ వేషంలో ఉడుత హాలు వెనక్కి పరిగెత్తాడు. స్తంభం మీంచి ఓ కొత్త వైరు గోడలోకి దూరి ఉంది. దానికి కరెంటు తగిలితే గోడలోని బాంబు పేలి హాలు లేచిపోతుంది. ఖాళీ చేయించే వ్యవధి లేదు.

పక్కనే స్విచ్ గది. కిటికీలో నల్లకళ్లద్దాల సుందరి, శత్రుముఠాలో చీఫ్ నాటిన మనిషి.

“స్విచ్ తీసేశాను. లైన్ క్లియర్, హీరో! ఎక్కెయ్.”

ఉడుత నమ్మాడు. అయినా చెయ్యి ఊరుకోలేదు. పని నేర్పిన ముసలి లైన్‌మన్ రోజూ తిట్టేవాడు: “ఫ్యూజు నీ జేబులో పడితేనే లైను చచ్చినట్టురా. కన్నతల్లి చెప్పినా నమ్మకు!” ఏది దేనిదో చూసే తీరిక లేక, స్తంభం మొదట్లో పెట్టెలోని ఫ్యూజులన్నీ పీకి జేబులో కుక్కుకుని ఎగబాకాడు.

కటింగ్ ప్లేయర్ వైరును కరిచింది. అదే క్షణంలో కింద స్విచ్ ఖణేలుమంది.

ఏమీ కాలేదు.

సుందరి మళ్లీ కొట్టింది. మళ్లీ. పైనుంచి జేబు గలగలమంది.

“కరెంటు ఇక్కడుందమ్మా,” అన్నాడు ఉడుత. వైరు పుటుక్కుమంది.

చీఫ్ వెంట వచ్చిన మనుషులు ఆమెకు బేడీలు వేస్తుండగా హాల్లోంచి భార్య చెమటలు కక్కుతూ వచ్చింది.

“ఏమే, లైన్ అంటే అర్థమేంటే?” అన్నాడు చీఫ్.

“ముందూ వెనకా మాటలు లేకుండా ఎట్లా చెప్పను నాన్నా? అది సరే, ఫ్యాన్లు ఆపిన సచ్చినోడెవడు? దొరికితే చేతులు విరగ్గొడతా!”

మామా అల్లుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఉడుత జేబు మీద చెయ్యి పెట్టుకుని, గలగలమనకుండా నడిచాడు.