ఏరి పంపిన మొగ్గలు

వెండెల్ కత్తెరలు కడుగుతున్నాడు.

గంజాయి మొగ్గలు కత్తిరించిన కత్తెరలు. జిగురు ఓ పట్టాన వదలదు. స్పిరిట్‌లో ముంచి, గుడ్డతో రుద్ది, మళ్లీ ముంచుతాడు. రోజూ పొద్దున్నే ఇదే పని.

ఫోన్ మోగుతుంది. భార్య లోర్నా... ఆసుపత్రి నుంచి!

తన తమ్ముడు ఎమెట్‌కి ఊపిరి అందడం లేదంటుంది. కీమోతో ముందే నీరసించిన మనిషి. జబ్బు ఏ మందుకీ లొంగడం లేదు. ఈ మధ్య ఏం పీల్చాడని డాక్టర్లు అడుగుతున్నారట.

"నీ సరుకు తప్ప వాడింకేం పీల్చడు. అది మంచిదేగా?"

"ల్యాబ్‌లో పాసయింది. కాగితం ఉంది."

అబద్ధం కాదు.

అదే భయం!

రాష్ట్రం వైద్యానికి గంజాయిని ఒప్పుకున్న ఏడాదే వెండెల్ దాన్ని పండించే లైసెన్సు తీసుకున్నాడు. చట్టం ఒకటే చెప్పింది... పరీక్షకి పంపే నమూనా అన్ని వరసల నుంచీ తీయాలి. మంచివే ఏరకూడదు.

వెండెల్ ఏరాడు.

వానలకి, మొగ్గలు ఆరబెట్టే కొట్టంలో తూర్పు వరస చెమ్మెక్కింది. ఫ్యాన్ కింది మొగ్గలే పరీక్షకి పంపాడు. తూర్పు వరసవి ఎమెట్‌కిచ్చాడు. సొంత బావమరిది... కాస్త వాసనొచ్చినా ఏమీ అనడు!

వెండెల్ ట్రక్కు ఎర్రమట్టి దారిలో దూసుకుపోతుంది.

ఎమెట్ ఇల్లు. మంచం పక్కన గాజు సీసా. మూత తీస్తాడు. మొగ్గల నడుమ బూడిదరంగు నూగు...

బూజు!

పొగతో బూజు ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టర్లకి తెలిస్తే మందు మారుస్తారు. ఎమెట్ బతకొచ్చు. వెండెల్ జైలుకి పోవచ్చు.

సీసా చంకన పెట్టుకుని ఇంటికి తిరుగుతాడు. పెరట్లో చెత్త కాల్చే డ్రమ్ముంది. అగ్గిపెట్టె కోసం వంటింట్లో అడుగు పెడతాడు...

లోర్నా!

డాక్టర్లకి చూపించడానికి ల్యాబ్ కాగితం కోసం వచ్చింది. అది చేతిలోనే ఉంది. చూపు మాత్రం సీసా మీద.

"వాడి సీసా నీ దగ్గరెందుకుంది?"

వెండెల్ సీసాని చంకలోకి ఇంకాస్త జరుపుకుంటాడు.

"పరీక్షకి ఏవి పంపావు?"

"ఫ్యాన్ కిందివి."

"వాడికిచ్చినవి?"

"...తూర్పు వరసవి."

లోర్నా గొంతు పెరగదు. "వాడు 'మా బావ నాకు ఊరికే ఇస్తాడు' అని నర్సులందరికీ గొప్పగా చెప్పుకున్నాడు, వెండెల్."

చెయ్యి చాపుతుంది.

అతను సీసాని గుండెకి అదుముకుంటాడు. ఆమె అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తుంది. రెండో వేలి దగ్గరే అతను వదిలేస్తాడు.

ఫోన్‌లోనే నిజం చెప్పాల్సింది, అనుకుంటాడు.

లోర్నా సీసా, కాగితం రెండూ తీసుకుంటుంది. అతని వైపు చూడదు.

ఆసుపత్రికని గుమ్మం దాటుతుంది.