నల్లగుడ్డ కింద సముద్రం

ఫియొదోసియా రేవులో ఆ ఉదయం ఒక సముద్రం పోయింది.

కెప్టెన్ గరబెద్ నీళ్లలో మునిగి అప్పటికి ఏడాది. సంవత్సరీకం ప్రార్థన ముగిసింది. పదింటికి, చుట్టాలందరి ముందూ, భార్య తకూహి హాల్లో పెయింటింగ్ మీది నల్లగుడ్డ లాగింది. లాగి, కెవ్వుమంది.

"ఇది మా బొమ్మ కాదు!"

ఇన్‌స్పెక్టర్ యెఫీమ్ లూకిచ్ వచ్చేసరికి పదకొండు. రాత్రంతా రేవులో కొట్లాట. తెల్లారేసరికి ఓడ మీద కత్తిపోటు. ఇప్పుడు బొమ్మ. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆయనకి దొంగల మీద కోపం పోయింది, మంచివాళ్ల మీద నమ్మకమూ పోయింది. మోకాళ్ల నొప్పి మాత్రం మిగిలింది.

"గుడ్డ ఎందుకు కప్పారమ్మా?"

"చావింట్లో అద్దాలు కప్పరా? ఈ బొమ్మకీ అద్దం ఉంది. ఊళ్లోవాళ్లు నలభయ్యో రోజుకి తీసేస్తారు. నేను తియ్యలేకపోయాను. మొగుణ్ణి మింగిన సముద్రాన్ని రోజూ ఏ మొహంతో చూడను?"

"మరి ఇవాళ?"

"పోయే ముందే గీయించుకున్నాడు. ఆయన చూసిన తెల్లవారు వెలుగు ఇంకోసారి చూద్దామనుకున్నాను. అదేదండీ ఇందులో? బురదనీళ్లు!"

నిజమే. అలలన్నీ పాతబడ్డ దుప్పటిలా పచ్చబారి ఉన్నాయి. ఎడమ అంచున సన్నటి పట్టీ ఒక్కటే నీలంగా, తెల్లగా మెరుస్తోంది.

పక్కనే బొమ్మ గీసిన హొవ్‌సేప్ నిలబడి ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. రాజధానిలో పెద్దలు ఆయన సముద్రాల కోసం క్యూ కడతారు. ఊళ్లో ఆయన మాటకి తిరుగులేదు.

"ఇది నా చెయ్యి కాదు. నకలు."

"ఎవరు గీసుంటారు?"

"నాలా గీయగలవాడు ఒక్కడే. నా శిష్యుడు అవెదిక్."

"ఆ ఎడమ పట్టీ బాగానే ఉందే?"

"అక్కడిదాకా నా రంగులు కొట్టేసి వాడుంటాడు, వెధవ."

కేసు వడ్డించిన విస్తరిలా ఉంది. మొన్న ఈస్టర్‌కి బొమ్మ తాడు మార్చడానికి అవెదిక్ దాన్ని నల్లగుడ్డతోనే మోసుకెళ్లాడు. రెండురోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. మధ్యాహ్నానికల్లా అరెస్టు.

"అసలుది ఎవరికి అమ్మావురా?"

"అమ్మలేదండీ."

"నకలు గీసింది నువ్వేనా?"

"కాదండీ."

"తనలా గీయగలవాడివి నువ్వొక్కడివేనట. మీ గురువే చెప్పాడు."

అవెదిక్ తలెత్తాడు. "అలా అన్నారా? నిజంగా అదే మాటా?"

"ఒరే, నెత్తిమీద సైబీరియా వేలాడుతోంది నీకు. పెళ్లాం ఉందా?"

"కడుపుతో ఉందండీ."

"మరి దాని సంగతేం చూస్తావు?"

"గురువుగారు ఇంకేమన్నారండీ?" వీడికి మతి సరిగ్గా లేదేమో అనుకున్నాడు లూకిచ్.

మర్నాడు మళ్లీ వెళ్లి బొమ్మ ముందు కుర్చీ వేసుకుని కూలబడ్డాడు. తకూహి టీ ఇచ్చింది. ఆయన చూపు ఆ మెరిసే పట్టీ మీదే ఉంది. పట్టీ అంచు తిన్నగా ఉంది. ఆకాశాన్నీ, అలనీ, తెరచాపనీ ఒకే గీతలో కోసేసింది. వెలుగుకి స్కేలు పెట్టి గీసే పెయింటరు ఎవడు?

"అమ్మా, ఆ నల్లగుడ్డ ఎలా ఉండేదో అలాగే కప్పండి."

కప్పింది. ఎడమవైపు బెత్తెడు చాల్లేదు. గుడ్డ ఎక్కడ ఆగిందో, మెరుపు అక్కడ మొదలైంది.

లూకిచ్‌కి తన ఇంటి తలుపు గుర్తొచ్చింది. తెల్లరంగు వేయించాడు. బీరువా చాటున పడ్డ ముక్క ఏడాదిలో పచ్చబడింది. పెయింటరు తన రంగు మంచిదేనని ఒట్లు పెట్టుకున్నాడు. ఈయన నమ్మలేదు. తిట్టి పంపించాడు.

"బొమ్మని ఎండ తగిలే కిటికీలో పెట్టించండమ్మా. కుడి సగానికి కాగితం అంటిస్తాను. మూడు వారాలు ఎవరూ ముట్టుకోవద్దు."

జూన్ ఎండ తన పని తాను చేసుకుపోయింది. ఆదివారం నాలుగింటికి అందర్నీ హాల్లోకి పిలిచాడు. అవెదిక్‌ని స్టేషన్ నుంచి తెప్పించాడు. కాగితం పీకాడు.

కుడి సగం బురద. ఎడమ సగంలో తెల్లవారింది.

"దొంగ లేడు. రంగులో కలిపేది అవిసె నూనె. చీకట్లో ఉంచితే పచ్చబడుతుంది, ఎండ తగిలితే తేరుకుంటుంది. రంగు ఆరీ ఆరకముందే కప్పారు. నలభై రోజులైతే ఎవరికీ తెలిసేది కాదు. ఏడాది కప్పారు. గుడ్డ చాలనిచోట వెలుగు మిగిలింది. మనమంతా చెడిన భాగాన్ని చూశాం. చెడని భాగాన్ని ఎవరూ చూడలేదు."

తకూహి అద్దానికి చెంప ఆనించి ఏడ్చింది. హొవ్‌సేప్ కర్ర పట్టుకుని దగ్గరికొచ్చాడు. చాలాసేపు చూశాడు.

"నాదే," అన్నాడు. తర్వాత శిష్యుడివైపు తిరిగాడు. "తప్పయిపోయిందిరా, అబ్బాయ్. మన్నించు."

"ఫరవాలేదు గురువుగారూ. పందొమ్మిదేళ్లు మీకు రంగులు నూరాను. ఒక్కనాడు బాగుందని అన్లేదు మీరు. మీలా గీయగలవాణ్ణి నేనొక్కణ్ణేనని మీరన్నట్టు స్టేషన్లో చెప్పారు. ఆ మాట తల్చుకుంటే గచ్చునేల మీద కూడా నిద్రపట్టేది."

"అన్నాను కదరా! ఇప్పుడూ అంటాను."

"ఏ బొమ్మ చూసి అన్నారండీ?"

ముసలాయన చూపు తెల్లవారిన ఎడమ సగం మీదికి వెళ్లింది.

"మీది చూసి," అన్నాడు అవెదిక్.

ఇన్‌స్పెక్టరుకి నమస్కారం పెట్టి, భార్య ఎదురుచూస్తుంటుందని చెప్పి, ఇంటికి వెళ్లిపోయాడు.